మూడు రోజుల నడక: రావులపాలెం నుంచి అంతర్వేది దాకా
(సమాఖ్య వార్షిక మహాసభలో నడక బృందం తరఫున చేసిన ప్రసంగం)

ఈ మైకు ముందు నిలబడింది ఒకరే అయినా, చెప్పేది మేము ఇరవై ఆరుగురం. రాత్రి కూర్చుని ఏం చెప్పాలో కలిసి రాసుకున్నాం. ఎక్కడైనా తడబడితే వెనక నుంచి అందిస్తామని మావాళ్ళు మాటిచ్చారు.

ముందు ఈ నడక ఆలోచన ఎలా వచ్చిందో చెప్పాలి. మన సంఘంలో ఒక చెల్లెలు ఉండేది. రెండో లీడరుగా నాలుగేళ్ళు చేసింది. ఇద్దరు ఆడపిల్లలు. ఇంటి అప్పు తీర్చడానికి కువైట్ వెళ్ళింది, మన కోనసీమలో ఏ వీధిలో చూసినా ఒకరున్నట్టే. అక్కడ ఇంటిపని. వెళ్ళిన ఏడాదికే రొమ్ములో గడ్డ చేతికి తగిలిందట. నొప్పి లేదు కదా అని ఊరుకుంది. పైగా ఒప్పందం రెండేళ్ళు, మధ్యలో వస్తానంటే పంపరేమోనని భయం, పంపితే అప్పు మిగిలిపోతుందని ఇంకో భయం. సెలవు మీద ఇంటికి వచ్చేసరికి చంకలోకి పాకింది. ఆపరేషన్ చేశారు, మందులు ఎక్కించారు. పద్నాలుగు నెలలు బతికింది. ఆమె పొదుపు పుస్తకంలో ఒక్క నెల కూడా బాకీ లేదు. కువైట్ నుంచి కూడా ఫోన్లో డబ్బు పంపి కట్టేది.

ఆమె పేరు మేము ఇక్కడ చెప్పడం లేదు. నడకకు ఆమె పేరు పెట్టుకుందామనుకున్నాం. వాళ్ళ అత్తగారు వచ్చి, "అమ్మా, ఆడపిల్లల పెళ్ళిళ్ళు కావాలి, తల్లికి ఆ జబ్బని పది ఊళ్ళకు తెలిస్తే ఎవరొస్తారమ్మా" అని ఏడ్చింది. మాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదండి, ఎవరి మీదో మాకే తెలీదు. మాటిచ్చాం కాబట్టి పేరు రాయలేదు.

ఇక నడక సంగతి. మన సభ్యురాలి కూతురు ఒకామె డల్లాస్‌లో ఉంటుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు తల్లితోపాటు మీటింగుకు వచ్చింది. తను అక్కడ మూడు రోజుల నడకలో పాల్గొన్నానని ఫోన్లో ఫోటోలు చూపించింది. అమెరికాలో సుసాన్ కోమెన్ అనే ఆవిడ 1980లో 36 ఏళ్ళకే రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఆమె చెల్లెలు నాన్సీ బ్రింకర్ అక్కకిచ్చిన మాట కోసం 1982లో ఒక సంస్థ పెట్టింది. ఆ తర్వాత 1998లో కాలిఫోర్నియాలో శాంటా బార్బరా నుంచి లాస్ ఏంజలెస్ వైపు మూడు రోజుల నడక మొదలైంది. ఇప్పుడు కోమెన్ సంస్థ ఆ నడకలు జరిపిస్తోంది. మూడు రోజుల్లో 60 మైళ్ళు, అంటే మన లెక్కలో 96 కిలోమీటర్లు. రాత్రిళ్ళు గులాబీ రంగు గుడారాల్లో పడుకుంటారు. నడిచే ప్రతి మనిషీ ముందుగా 2,300 డాలర్లు విరాళాలు పోగుచెయ్యాలి.

ఆ మాట వినగానే మా వెనక వరసలో ఒక పెద్దామె, "నడవడానికి ఎదురు డబ్బులు కట్టాలా? మనం పుట్టిన దగ్గర్నుంచీ ఊరికే నడుస్తున్నామే!" అంది. మీటింగంతా నవ్వులు. కానీ ఇంటికెళ్ళాక ఆ మాటే మాకు బుర్రలో తిరిగింది. ఎలాగూ నడుస్తాం, దీనికోసం నడిస్తే ఏం పోయింది?

పోయేది ఉంది. దాళ్వా నాట్ల రోజులవి. మూడు రోజులంటే మూడు కూలీలు. ఇంట్లో వంట ఎవరు చేస్తారు, గేదెకు గడ్డి ఎవరు వేస్తారు? మాలో ఒకామె భర్త, "అంతర్వేది తీర్థానికైతే వెళ్ళు, పుణ్యం. ఈ నడకేంటి?" అన్నాడట. "అయితే తీర్థానికే వెళ్తున్నాననుకోండి" అని చెప్పి వచ్చేసింది. నలభై మంది పేర్లిచ్చారు, ఆ రోజు పొద్దున్న రావులపాలెంలో ఇరవై ఆరుగురం నిలబడ్డాం.

దారి ఇలా అనుకున్నాం. కొత్తపేట మీదుగా మొదటి రాత్రికి అంబాజీపేట, రెండో రాత్రికి గన్నవరం దాటి రాజోలు, మూడో రోజు మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. వెనక ఒక ఆటోలో బియ్యం, మంచినీళ్ళు, దుప్పట్లు. ఒక ఆశా చెల్లెలు సెలవు పెట్టుకుని మాతో నడిచింది.

మొదటి రోజు మేము చేసిన తప్పు ఇప్పుడు ఒప్పుకోవాలి. బ్యానరు మీద 'మహిళా ఆరోగ్య పాదయాత్ర' అని రాయించాం. రొమ్ము అనే మాట నలుగురిలో ఎలా రాస్తామని మాలోనే ఎక్కువ మంది అడ్డుపడ్డారు. దాంతో దారిలో మమ్మల్ని ఎవరూ సరిగా పోల్చుకోలేదు. ఒక ఊళ్ళో ఏ పార్టీ అమ్మా అన్నారు. ఇంకో ఊళ్ళో పసుపు నీళ్ళతో కాళ్ళు కడిగి, స్వామికి మా పేరు కూడా చెప్పండమ్మా అని ఇరవై రూపాయలు చేతిలో పెట్టారు. కాళ్ళు కడుగుతుంటే బాగానే ఉంది, అబద్ధమెందుకు. జబ్బు గురించి మాత్రం సాయంత్రం దాకా ఒక్కరూ అడగలేదు.

ఆ రాత్రి అంబాజీపేటలో ఒక కల్యాణ మండపం వరండాలో పడుకున్నాం. దగ్గర దగ్గర పాతిక కిలోమీటర్లు నడిచి పాదాలన్నీ బొబ్బలు. దాతలిచ్చిన కొత్త కాన్వాసు బూట్లు వేసుకున్నవాళ్ళకే ఎక్కువ వచ్చాయి. అరిగిపోయిన హవాయి చెప్పుల వాళ్ళు హాయిగా ఉన్నారు. అక్కడ కూర్చుని బ్యానరు గురించి దెబ్బలాడుకున్నాం. చివరికి మాలో అందరికన్నా చిన్నామె లేచి వెళ్ళి, తలుపులు వేస్తున్న కొట్టువాణ్ణి ఆపి ఎర్ర ఎనామిల్ డబ్బా, బ్రష్షు కొనుక్కొచ్చింది. ఉన్న అక్షరాల కింద 'రొమ్ము క్యాన్సర్ గురించి మాట్లాడదాం' అని రాసింది. రంగు కారి అక్షరాలు వంకరగా వచ్చాయి. మర్నాడు ఆ బ్యానరు చూసి జనం ఆగారు. కొంతమంది మగాళ్ళు మొహం తిప్పుకున్నారు, కొంతమంది సైకిలు దిగి చదివారు. ఆడవాళ్ళు మాత్రం గుమ్మాల్లోంచి బయటికొచ్చారు.

మా ఆశా చెల్లెలు ఒక చిన్న దూది తలగడ కుట్టుకొచ్చింది. లోపల రెండు చోట్ల చింతపిక్కలు పెట్టింది. ఎక్కడున్నాయో పట్టుకోమనేది. అందరూ ముందు పిసికి చూసేవారు, దొరికేది కాదు. మూడు వేళ్ళ మెత్తటి భాగంతో చదును చేసి, కొంచెం నొక్కుతూ గుండ్రంగా తిప్పుతూ వెళితే తగిలేది. నెలసరి అయిపోయిన కొద్ది రోజులకు, నెలసరి ఆగినవాళ్ళు నెలకో తేదీ పెట్టుకుని, చంక దాకా ఇలాగే చూసుకోండని చెప్పేది. గడ్డ ఒక్కటే కాదు, చనుమొన లోపలికి లాక్కుపోవడం, రక్తం లాంటిది కారడం, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడటం కూడా చూడాలి. అయితే చేతికి తగిలిన గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. ఏది అవునో ఏది కాదో మన చేతికి తెలీదు, డాక్టరు పరీక్ష చేయించాలి. ముప్ఫై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకు ఈ పరీక్ష సర్కారు కార్యక్రమంలోనే ఉంది, ఏ.ఎన్.ఎం. గారిని అడిగితే చెబుతారు.

దారిలో మాకు ఎదురైన మాటలు కొన్ని చెబుతాం, రేపు మీ సంఘాల్లోనూ ఇవే వస్తాయి. "ముగ్గురికి పాలిచ్చాను, నాకెందుకొస్తుంది?" పాలివ్వడం వల్ల ముప్పు తగ్గుతుంది కానీ రాదని కాదు. "సూది పెడితే లోపల పాకుతుందట." ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. సూది పరీక్ష వల్ల జబ్బు ముదరదు, పరీక్ష మానేసి కూర్చున్న నెలల్లో ముదురుతుంది. "అంటుకుంటుందేమో, కంచం వేరే పెట్టాం." అంటుకోదండి. దేశం మొత్తం మీద 2022లో కొత్తగా సుమారు లక్షా 92 వేల మంది ఆడవాళ్ళకు ఈ జబ్బు వచ్చిందని అంచనా. వాళ్ళందరూ ఏం పాపం చేశారు?

రెండో రోజు పొద్దున్న గన్నవరం అక్విడక్టు మీద నడిచాం. కింద వైనతేయ, పైన కాలువ నీళ్ళు, పక్కన మనం. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు కదా. ఆ తల్లి లంకల గన్నవరంలో దారినపోయే వాళ్ళకి వేళాపాళా లేకుండా అన్నం పెట్టింది. ఆ రోజు మాకూ అక్కడి సంఘం అక్కలు పులిహోర, మజ్జిగ పెట్టారు. వాళ్ళు పిలిస్తేనే ఒక పెద్దామె ఇంటికి వెళ్ళాం.

ఆమెకు అరవై దాటి ఉంటాయి. పాత చీర ముక్క చుట్టుకుని ఉంది. విప్పితే పుండు. రెండేళ్ళుగా పసరు కడుతున్నారట. కొడుకుకు చెప్పడానికి సిగ్గు, కోడలికి చెప్పడానికి మొహమాటం. మాకు నోట మాట రాలేదు. అప్పటిదాకా ముందే కనుక్కోండి, ముందే కనుక్కోండి అని అరుస్తూ వచ్చాం కదా, ఆవిడ ముందు ఆ మాట ఎలా అంటాం? ఆశా చెల్లెలు పక్కన కూర్చుని, గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డ వేసింది. నొప్పి తగ్గించే మందులు ఉంటాయమ్మా, రాత్రి నిద్ర పట్టేలా చేస్తారు అని చెప్పింది. పెద్దామె, "నిద్ర పడితే చాలమ్మా" అంది. కొడుకుని పొలం నుంచి పిలిపించాం. అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. రెండో రోజు ఆలస్యమైంది అందుకే. రాజోలు చేరేసరికి చీకటి పడిపోయింది.

ఆ రాత్రి దీపాలార్పాక మాలో ఒకామె, చీకట్లో, ఎవరితోనో అన్నట్టుగా, "నాకూ ఉందే" అంది. దసరా నుంచి ఉందట. రెండు రోజులుగా ఆ చింతపిక్కల తలగడ పట్టుకుని పక్క ఊరి ఆడవాళ్ళకు నేర్పించింది తనే. ఎందుకు చెప్పలేదే అంటే, "చెబితే నడవనివ్వరని" అంది. మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడో రోజు ఆటో ఎక్కమన్నా ఎక్కలేదు, సముద్రం దాకా నడిచింది.

మోకాళ్ళ నొప్పులతో అయిదుగురు మధ్యలో ఆటో ఎక్కారు. అంతర్వేదిలో ఇరవై ఒక్కరం నీళ్ళల్లో కాళ్ళు పెట్టాం. ఉప్పునీళ్ళు బొబ్బలకు తగిలి కేకలు పెట్టాం, అది పండగలా ఉందని చూసినవాళ్ళు అనుకున్నారు.

ఇక లెక్కలు. దారిలో వచ్చిన నగదు 1,12,340 రూపాయలు. డబ్బు లేనివాళ్ళు కొబ్బరికాయలిచ్చారు, 1,900 కాయలు. కాయ 13 రూపాయల చొప్పున అమ్మితే 24,700 వచ్చాయి. మొత్తం 1,37,040. ఖర్చు 18,600 పోను 1,18,440 విడి ఖాతాలో వేశాం. ఆపరేషన్ ఖర్చు కార్డు మీద జరిగినా, పరీక్షలకు తిరిగే బస్సు చార్జీ, తోడు వెళ్ళిన మనిషి తిండి, పోయిన కూలి ఎవరిస్తారు? ఆ డబ్బు వాటి కోసమే. ఇప్పటికి 31,200 వాడాం, 87,240 ఉంది. పుస్తకం అక్కడ బల్ల మీద పెట్టాం, చూసుకోండి.

దారిలో పద్నాలుగు మంది తమకు అనుమానముందని చెప్పారు. ఏ.ఎన్.ఎం. చూశాక వాళ్ళలో తొమ్మిది మందిని పెద్ద పరీక్షలకు వెళ్ళమన్నారు. ఏడుగురు వెళ్ళారు. ఆరుగురికి క్యాన్సర్ కాదని తేలింది. వాళ్ళలో మన చీకట్లో చెప్పినామె ఒకరు. ఆ కాగితం వచ్చిన రోజు సంఘం మొత్తానికి కారప్పూస పంచింది. ఏడో ఆమెకు క్యాన్సరే. గడ్డ చిన్నగా ఉండగానే దొరికింది, ఆపరేషన్ అయింది, మందులు ఎక్కుతున్నాయి. జుట్టు రాలిపోయిందని మీటింగుకు రావడం మానేసింది, అందుకని ఈ రెండు నెలలూ మీటింగు వాళ్ళింట్లోనే పెట్టుకుంటున్నాం. గన్నవరం పెద్దామె నెల్లాళ్ళ క్రితం పోయింది. చివర్లో నిద్ర పట్టిందని కొడుకు ఫోన్ చేసి చెప్పాడు.

మిగిలింది ఇద్దరు. ఒకామె భర్త మస్కట్‌లో ఉన్నాడు, నేనొచ్చేదాకా ఆగమన్నాడట. ఇంకొకామె పరీక్షకు పోతే ఆ రోజు కిస్తీ డబ్బు తగ్గుతుందని భయపడుతోంది. ఇది వినడానికి మనకే సిగ్గుగా ఉండాలి, ఎందుకంటే ఆ కిస్తీ వసూలు చేసేది మనమే. కాబట్టి ఈ మహాసభలో మేము అడిగేది ఒక్కటే తీర్మానం. ఈ పరీక్షలకు, చికిత్సకు వెళ్ళే సభ్యురాలికి మూడు నెలలు కిస్తీ వాయిదా వేసి, ఆ నెలల వడ్డీ సమాఖ్య భరించాలి. పాలకవర్గంలో కొందరికి ఇష్టం లేదని మాకు తెలుసు, అందరూ జబ్బు పేరు చెబుతారని వాళ్ళ భయం. ఆసుపత్రి చీటీ చూపించాలని నిబంధన పెట్టండి. మధ్యాహ్నం భోజనాల తర్వాత చేతులెత్తే సమయానికి ఎవరూ బస్సుకని వెళ్ళిపోవద్దు.

వచ్చే మంగళవారం ఆ ఇద్దరి ఇళ్ళకూ వెళుతున్నాం. మస్కట్‌కి వీడియో కాల్ కూడా అక్కడి నుంచే చేస్తాం. ఆటోలో ఇంకా ముగ్గురికి చోటుంది. వచ్చేవాళ్ళు దిగిపోతూ మాకు పేరు చెప్పండి.