సౌండు బాక్సు కింద రబ్బరు ముక్క

స్పీకర్ల కిందా, యాంప్లిఫయర్ కిందా పెట్టే దిమ్మలు వేల రూపాయలకు అమ్ముతున్నారు. వాటితో పాట బాగుపడుతుందా?

గురజాల వైపు పాత ఇళ్లలో గోడకు దిగేసిన నాపబండ అలమరలు చూసే ఉంటారు. సౌండు బాక్సు వాటిమీదే, పక్కన స్టీలు గ్లాసులు. 'పల్నాటి యుద్ధం' పాట పెట్టి బండమీద చెయ్యి ఆనించండి. డోలు దెబ్బ పడ్డప్పుడల్లా అదురు తెలుస్తుంది, గ్లాసులు గలగలమంటాయి. బాక్సు కింద మెత్తటి రబ్బరు వేస్తే ఆ గోల తగ్గుతుంది. గ్లాసులు తీసేసినా తగ్గుతుందనుకోండి, అది ఖర్చులేని పని!

ఎంత మెత్తన అన్నదే అసలు సంగతి. దిమ్మకూ దానిమీది బరువుకూ కలిసి సొంత ఊపు ఒకటి ఉంటుంది. అది సెకనుకు 10 సార్లయితే, సుమారు 14 దాటిన అదురునే ఆపుతుంది. 10 దగ్గర వచ్చేదాన్ని ఇంకా పెంచుతుంది. గట్టి రబ్బరు బిళ్లకు ఆ ఊపు ఎక్కువ కాబట్టి అది డోలు దెబ్బను ఆపలేదు.

నిజంగా లాభపడేది గ్రామఫోన్ ప్లేయరే. దాని ముల్లు చదివేదే కదలికను. చెక్క మేడమీద అడుగుల అదురు కూడా అందులో కలుస్తుంది. గచ్చుమీద నాపరాళ్లు పరిచిన ఇంట్లో ఆ బెడద తక్కువ. పాతకాలం వాల్వు సెట్లకూ కొంత పనికొస్తుంది. మామూలు ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌కూ, ఫోన్ నుంచి వినే పాటకూ మాత్రం ఆ డబ్బు దండగ.