సైకిలు ప్రయాణము - శిరోరక్షణ

పంచాయతీ సభ్యులారా!

మోటారు సైకిలుపై పోవు నాలుగేండ్లు దాటినవారు హెల్మెటు ధరించవలెనని 2019లో సవరింపబడిన చట్టము శాసించుచున్నది. మామూలు సైకిలుకు అట్టి నిర్బంధము లేదు. అయినను రోడ్డుపై పడిన తలకు వాహనభేదము గాని, వయోభేదము గాని లేదు.

జపానులో పూర్వము పదమూడేండ్లలోపు పిల్లల తలలను గూర్చియే చట్టము హెచ్చరించెడిది. 2023 ఏప్రిలు నుండి దానిని సకల వయస్కులకును వర్తింపజేసిరి. జరిమానా మాత్రము లేదు. ఆ జూలైలో పోలీసులు లెక్కింపగా హెల్మెటు ధరించినవారు నూటికి 13.5 మందియే. ఎహిమే ప్రాంతమున మాత్రము సుమారు 60 మంది. అచ్చట 2015 నుండియే ఉన్నత పాఠశాల విద్యార్థులకు దానిని తప్పనిసరి చేసియుండిరి.

కావున అలవాటునకు బడియే పునాది. అయితే పెద్దలు వట్టి తలతో పోవుచు బోధించిన పిల్లలు విందురా? ముందుగా సభ్యులే ధరించి, గడ్డము క్రింద పట్టీ బిగించి, దారి చూపవలెనని కోరుచున్నాము.