చాకు ఉక్కు – దాని గట్టిదనము



జేబులో పెట్టుకొను మడతచాకును కొనబోవువాడు అంగడిలో మొదట పిడిని చూచును. పిదప బొటనవ్రేలితో వాదరను తడవి చూచును. అలుగు ఏ ఉక్కుతో చేసినదో, దాని గట్టిదనమెంతయో అడుగువారు అరుదు. ఇటీవల చాకుల పెట్టెలపై ఉక్కు పేరును, గట్టిదనపు అంకెను అచ్చువేయుచున్నారు. అమ్మెడివాడు పెద్ద అంకె గల దానిని ముందుకు జరిపి “ఇది చాల గట్టిదండీ” యనును. గట్టిదనగనే మేలైనదని మనమును తల యూపుదుము. అందు నిజము కొంత కలదు, పొరపాటును కొంత కలదు.

ముందు ఆ అంకె మాట. అమెరికాలో హ్యూ రాక్‌వెల్, స్టాన్లీ రాక్‌వెల్ అను ఇరువురు లోహముల గట్టిదనమును కొలుచు యంత్రమునకై 1914లో పేటెంటు కోరిరి. 1919లో అది లభించినది. గట్టిపరచిన ఉక్కునకు నేడు వాడు పద్ధతిలో శంకువు వంటి వజ్రపు మొనను లోహముపై నుంచి, తొలుత 10 కిలోల బరువుతోను, పిమ్మట 150 కిలోల బరువుతోను అదిమి, మరల 10 కిలోలకు తగ్గించి, మొన ఎంత లోతు దిగి నిలిచినదో చూతురు. లెక్క 100 నుండి వెనుకకు సాగును. మిల్లీమీటరులో ఐదువందలవ వంతు దిగినచో ఒక అంకె తగ్గును. అనగా 60 అంకె గల ఉక్కులో వజ్రము దిగిన లోతు 0.08 మిల్లీమీటరు మాత్రమే. 56 అంకె గల దానికిని దీనికిని భేదము కంటికి కానరాదు. కాని కొన్ని నెలలు వాడినచో చేతికి తెలియును.

ఉక్కనగా బొగ్గు కలిసిన ఇనుమే. నూరు పాళ్ళలో ఇంచుమించు ఒక పాలు బొగ్గున్నచో చాకునకు తగును. అయితే బొగ్గుండినంత మాత్రమున గట్టిదనము రాదు. కమ్మరి అలుగును ఎఱ్ఱగా, సుమారు 800 డిగ్రీల వరకు కాల్చును. అయస్కాంతము దానిని అంటకపోవు వేడిమి దాటినదా యని చూచుకొనువారును కలరు. అంతట దానిని నూనెలో ముంచి చప్పున చల్లార్చును. అప్పుడు అలుగునకు 64, 65 అంకెల గట్టిదనము వచ్చును. ఇంత గట్టిది గదా యని దానిని అట్లే పిడికి బిగించినచో ఏమగును? చేయి జారి నేలపై పడినచో గాజువలె విరుగవచ్చును. అందుచేత మరల సన్నని వేడిమిని, 200 డిగ్రీలకు కొంచెము పైగా, చూపుదురు. మెరుగుపెట్టిన ఉక్కుపై ఎండుగడ్డి రంగు తేలగనే ఆపవలెను. నీలిరంగు వచ్చువరకు ఉంచినచో అది స్ప్రింగునకు పనికివచ్చునుగాని చాకునకు మెత్తనగును. గట్టిదనములో కొంత వదులుకొని, విరుగకుండు ఓర్పును కొనుక్కొనుటయే ఈ రెండవ కాల్పులోని కిటుకు. పెట్టెపై కనబడు అంకె ఆ బేరము ఎచట కుదిరినదో చెప్పుచున్నది, అంతే.

ఈ విద్య తెలుగునేలకు క్రొత్తది కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రములో మట్టి మూసలలో కరగించిన ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చెడివారు. ఐరోపావారు దానిని వూట్జ్ అనిరి. మనకును కన్నడిగులకును ఉమ్మడియైన ‘ఉక్కు’ అను మాటయే అట్లు మారినదని పెక్కురి మతము. లండనులో కత్తులు చేయు జేమ్స్ స్టొడార్టుతో కలిసి మైకేల్ ఫారడే ఈ ఉక్కును పరీక్షించి, ఉక్కు మిశ్రమములపై 1820లో ఒక వ్యాసము ప్రకటించెను. విద్యుత్తు పేరు చెప్పి తలచు ఆ మహనీయుడు మన మూస ఉక్కుతో కొంతకాలము కుస్తీపట్టెనన్న సంగతి మన పిల్లలకు తెలియవలసియున్నది.

బొగ్గు మాత్రమే గల ఉక్కునకు ఒక లోపము కలదు. పచ్చిమామిడికాయ కోసినచో అలుగును నల్లబడును, ముక్కయు నల్లబడును. తుడువక మరచినచో వానకాలమున తెల్లవారునప్పటికి తుప్పు పట్టును. 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ ఇంచుమించు 13 పాళ్ళు క్రోమియము కలిపి తుప్పును తట్టుకొను ఉక్కును పోసెను. నేటి చాకులలో పెక్కింటికి అదియే మూలము.

ఇక మూడు చాకులను ప్రక్కప్రక్కన నుంచి చూతము. ఫ్రాన్సులోని ఒపినెల్ చాకు 1890లో పుట్టినది. నేటికిని దానిని వట్టి బొగ్గు ఉక్కుతోను, తుప్పు పట్టని ఉక్కుతోను, రెండు విధముల చేయుచున్నారు. మొదటిది ఇంటి సానరాతిపై నాలుగు రాపిళ్ళకే పదునెక్కును. కాని తడి తగులనీయరాదు. స్విట్జర్లాండు విక్టోరినాక్స్ వారి చాకు 1897 నాటి అధికారుల చాకునకు వారసురాలు. దానిలో బొగ్గు అర పాలు, క్రోమియము 15 పాళ్ళకు దగ్గరగా, గట్టిదనము 56. నిపుణులనుకొనువారు ఈ 56ను చూచి పెదవి విరుతురు. మూడవది 2001లో అమెరికాలో వెలువడిన ఎస్-30-వి అను ఉక్కు. కరగిన లోహమును వాయువుతో చిమ్మి పొడిగా చేసి, ఆ పొడిని వేడిమితోను ఒత్తిడితోను ముద్దచేసినది. బొగ్గు 1.45, క్రోమియము 14, వెనేడియము 4 పాళ్ళు. గట్టిదనము 58 మొదలు 61. అట్టపెట్టెలను వరుసగా కోసినను దాని పదును చాలసేపు నిలుచును. అయితే అందలి వెనేడియము రేణువులు మామూలు సానరాతి రేణువులకంటె గట్టివి. మొండివారిన నాడు వజ్రపు పొడి అంటించిన పలక కావలెను; ఇంటిలోని రాయి చాలదు.

వాదర చెడు విధములును వేరువేరు. మెత్తని ఉక్కు పలుగురాతికి తగిలినచో వాదర ప్రక్కకు ఒరగును, దానిని సరిదిద్దవచ్చును. మిక్కిలి గట్టిది అదే దెబ్బకు మొక్కవోవును. ఆ పన్ను పోవువరకు అలుగును అరగదీయవలసినదే. ఆకుకూర వేళ్ళ నంటిన ఇసుక ఏ ఉక్కుకంటెను గట్టిదే. దానికి 56 అయినను 61 అయినను లోకువయే. కావున పండ్లు కోయుటకు, తాడు తెంచుటకు, కవరు చించుటకు చాకు కావలసినవాడు, పదును పెట్టు తీరిక కలవాడైనచో, 56 మొదలు 58 వరకు గల తుప్పు పట్టని చాకును కొనుట మేలని నా యభిప్రాయము. రోజంతయు కట్టలు విప్పు పనివానికి మాత్రము మూడవ రకము ఖరీదు గిట్టును.

ఏ ఉక్కు కొన్నను వీధిలో సాన పట్టువాని చక్రము ముందు ఒక్క క్షణము నిలువుడు. పొడి చక్రముపై నిప్పురవ్వలు ఎగయునట్లు అదిమిపట్టినచో సన్నని వాదర కాలిపోవును. అలుగు అంచున నీలిచార కనబడినదా, కమ్మరి ఎండుగడ్డి రంగుకడ ఆపిన పని అచట చెడినట్లే. ఆ మేర అరగి పోవువరకు పదును నిలువదు. మాటిమాటికి నీటిలో ముంచుచు, మెల్లగా పట్టుమని అతనికి చెప్పుడు. ఒక రూపాయి ఎక్కువ అడిగినను ఇయ్యుడు.