నీడ ఖర్చు ఎవరు రాస్తారు?

 

ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది రేపు పదిమంది చేత పని చేయించే స్థానాల్లో ఉంటారు. అందుకే ఎండలో పని గురించి మాట్లాడదామనుకున్నాను. 2015 వేసవి వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు 2,000 మంది పోయారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల పరిహారం ప్రకటించింది. ఆ నిర్ణయాన్ని స్వాగతిస్తాను. కానీ పరిహారం మనిషి పోయాకే అందుతుంది.

మే నెల మధ్యాహ్నం ఆబిడ్స్‌లో రోడ్డు ఊడ్చే మనిషిని, ‘నీళ్లు తాగినవా అక్కా?’ అని అడిగి చూడండి. సీసా సంచిలోనే ఉంటుంది, సగానికి పైగా నిండుగా. తాగితే ఎక్కడికి వెళ్లాలన్నది ఆమె దిగులు. చలివేంద్రం పెట్టేవాళ్లు పుణ్యాత్ములే, కాదనను. అయితే శుభ్రమైన మరుగుదొడ్డి దగ్గర్లో లేకపోతే ఆ కుండలో నీళ్లు ఆడవాళ్ల గొంతు దిగవు. వడదెబ్బను ఆపే ఏర్పాట్లలో మరుగుదొడ్డిని కూడా లెక్కేయాలని నా గట్టి నమ్మకం.

నాంపల్లి స్టేషన్ బయట మూటలు మోసే హమాలీకి కాసేపు కూర్చుంటే ఆ కిరాయి పోతుంది. కాబట్టి విరామానికీ కూలి కట్టివ్వాలి. కుదిరిన పనులను తెల్లవారుజామునే మొదలుపెట్టించి, ఎండ ముదరకముందే ఆపించాలి.

మరొకటి బాగా గుర్తుపెట్టుకోండి. ఒళ్లు ఎండకు అలవాటుపడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. పాలమూరు నుంచి నిన్న దిగిన కుర్రాడు ఎంత బలంగా కనిపించినా, మొదటి రోజు అతనికి ఎండలో ఐదో వంతు పనే చెప్పండి. తర్వాత రోజురోజుకూ పెంచండి. ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా ఆ తొలి రోజుల్లోనే.

ఎవరైనా తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా తాగి వచ్చాడని కసరకండి. నీడకు చేర్చి, ఒంటినిండా నీళ్లు పోసి, గాలి విసరండి. 108కు ఫోన్ చేయండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు.

2030 నాటికి ఎండల వల్ల మన దేశం 5.8 శాతం పనిగంటలు కోల్పోవచ్చని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లోనే అంచనా వేసింది. మానవత్వం మాట వినని యజమానికి ఈ లెక్క చూపండి.

మీరు వేసే తొలి ఎస్టిమేట్‌లోనే నీడకు, నీళ్లకు, మరుగుదొడ్డికి, విరామం కూలికి పద్దు రాయండి. పైఅధికారి కొట్టేస్తే మళ్లీ రాసి పంపండి.