పాత బండికి బ్రేకు పరీక్ష



మన బోధన్ ప్రాంతములో చెరకు, పసుపు పండించినంత కాలము బండితో పని తప్పదు. 1937లో ఏర్పడిన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో ఆగిపోయినది మొదలు చెరకు మరింత దూరము పోవలసి వచ్చినది. పసుపు సరేసరి, నిజామాబాదు మార్కెట్ యార్డుకు చేరనిదే డబ్బు చేతికి రాదు. ఎరువుకూ, విత్తనానికీ, పసుపు బస్తాలకూ పాత జీపులు, పికప్ బండ్లు చాలామందికి ఆధారము. ఇంజను బాగుంటే బండి బాగున్నట్లే అనుకుంటాము. కాని లోడుతో చెరువుకట్ట దిగేటప్పుడు ప్రాణము కాపాడేది బ్రేకే గదా!

ఇట్టి బండ్లలో అనేకమునకు పవర్ బ్రేకు ఉంటుంది. పెడలు వెనుక పళ్లెమంత గుండ్రని రేకు డబ్బా కనబడుతుంది. అదే బూస్టరు. అందులో ఒక రబ్బరు పొర ఉన్నది. ఇంజను నడుస్తుండగా డబ్బాలోని గాలి పీల్చివేయబడుతుంది. పెడలు నొక్కగానే పొరకు ఒక వైపున బయటి గాలి వచ్చి, చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు ఒక కిలో చొప్పున నెట్టుతుంది. ఆ బలము మన కాలి బలమునకు తోడగును. డీజిలు బండ్లలో గాలి పీల్చుటకు వేరే పంపు ఉంటుంది. చాలా బండ్లలో అది ఆల్టర్నేటరు వెనుకనే ఉన్నది. కనుక బెల్టు వదులైనా బ్రేకు బరువెక్కవచ్చును.

ఇక పరీక్ష. బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు రాళ్లు పెట్టండి.

మొదటిది: ఇంజను ఆపి పెడలును ఐదారు సార్లు నొక్కండి. తరువాత నొక్కి పట్టుకొనియే ఇంజను స్టార్టు చేయండి. పెడలు కొంచెము కిందికి దిగవలెను. దిగలేదంటే బూస్టరు సాయము అందుట లేదన్నమాట.

రెండవది: ఇంజను కాసేపు నడిపి ఆపండి. రెండు మూడు నిమిషాలాగి నొక్కండి. మొదటి ఒకటి రెండు సార్లు మెత్తగా దిగి, ఆపైన గట్టిపడాలి. మొదటిసారే గట్టిగా ఉంటే గాలి ఎక్కడో లోపలికి చొరబడుతున్నది.

మూడవది: ఇంజను నడుస్తుండగా పెడలు నొక్కి పట్టి, ఇంజను ఆపి, అర నిమిషము అట్లే ఉంచండి. పెడలు కాలిని పైకి నెట్టితే పొర గాని, డబ్బా గాని కారుతున్నట్లే.

సాయము అందనప్పుడు వెంటనే బూస్టరు మార్చకండి. ముందు దానికి పోయే రబ్బరు గొట్టము చూడండి. పగిలినదా, మెత్తబడి అణగిపోయినదా? బుస్సుమనే చప్పుడున్నదా? తరువాత గొట్టములోని వాల్వు. బూస్టరు వైపు నుండి ఊదితే గాలి పోవాలి, ఇంజను వైపు నుండి ఊదితే పోరాదు. ఇవి తక్కువ ఖర్చుతో అయ్యే పనులు.

పెడలు గట్టిపడక, మెల్లగా నేలకు దిగిపోతే అది బూస్టరు జబ్బు కాదు. మాస్టరు సిలిండరు వాషర్లు అరిగినవి, లేదా ఆయిలు కారుతున్నది. స్పంజివలె మెత్తగా ఉంటే పైపులో గాలి చేరినది. బ్రేకు ఆయిలు తగ్గుతూ, చక్రాల వద్ద తడి కనబడకపోతే బూస్టరు లోపల చూడమని మిస్త్రీతో చెప్పండి. మాస్టరు సిలిండరు వెనుక నుండి ఆయిలు అందులోకి దిగుతూ ఉండవచ్చును. ఇట్టి బండిని లోడుతో రోడ్డెక్కించకండి.

బ్రేకు ఆయిలు బదులు ఇంజను ఆయిలు ఎన్నడూ పోయకండి. రబ్బరు వాషర్లు ఉబ్బి చెడిపోతవి. మూత మీద వ్రాసిన రకమే పోయాలి. అది గాలిలోని తేమను పీల్చుకొనును గనుక రెండేండ్లకొకసారి మార్పించండి.

చివరి మాట. డీజిలు మిగులుతుందని దిగుడులో ఇంజను ఆపకండి. ఆపిన తరువాత బూస్టరులో మిగిలేది ఒకటి రెండు నొక్కులకు సరిపడే సాయమే. ఆపైన బస్తాల బరువంతా మీ కాలి మీదనే పడుతుంది. మిగిలే డీజిలెంత, పోయేదెంత, మీరే లెక్క వేసుకోండి.

పంట బండికెక్కించే ముందు పై మూడు పరీక్షలూ చేయండి. పది నిమిషాలు చాలును.