వినేవారి భయమెరిగిన వాక్కు



బీచుపల్లి ఆంజనేయస్వామిని దర్శించి ఇటిక్యాలకు వచ్చిన నాకు, వాక్కును గూర్చి తప్ప వేరొకటి మాట్లాడాలని తోచలేదు. కిష్కింధలో శ్రీరామచంద్రుడు లక్ష్మణునితో ముందుగా ప్రశంసించినది హనుమ బలాన్ని కాదు, మాటతీరును. అయినా నా మనస్సు ఎప్పుడూ సుందరకాండ దగ్గరే ఆగుతుంది. శింశుపావృక్షం మీద ఉన్న హనుమ సీతమ్మను చూచిన వెంటనే పలకలేదు. పండితుల సంస్కృతంలో పలికితే రావణుడేమోనని తల్లి బెదరుతుంది. పలకకుంటే ప్రాణాలు విడుస్తుందేమో! ఎంతో ఆలోచించి, మెల్లగా రామకథతో ఆరంభించాడు. నూరు యోజనాల సముద్రాన్ని దాటినవాడు ఒక్క మాట దగ్గర అంతసేపు ఆగాడు. సంస్కృతమే జీవికగా బ్రతికిన నాబోటివారికి ఈ ఘట్టం కొంత గర్వభంగం కూడాను.

ఇక మన చేతుల్లోని వాట్సాప్ సంగతి. 2018 వేసవిలో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి మన గద్వాల పల్లెలను పట్టింది. ఆరుబయట నిద్రించే జనం తలుపులు బిగించుకున్నారు. నాటి జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసులను ఊరూరికీ పంపి, డప్పులతో, జానపద గాయకులతో నిజం చెప్పించారు. ఫోను తెచ్చిన భయాన్ని డప్పు తీర్చవలసివచ్చింది! ఆ ఏడాదే జులై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లా రైన్‌పాడాలో అటువంటి వదంతినే నమ్మిన జనం ఐదుగురిని కొట్టి చంపారు. వారు భిక్షాటనతో జీవించే సంచారులు. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదింటికి మించి పంపరాదని హద్దు ప్రకటించింది. మంచిదే. కాని ఆ ఐదుగురిలో ఒకరు అశోకవనంలోని సీతమ్మ స్థితిలో ఉంటే?

పరీక్షాఫలితాల నాడు కుటుంబ గ్రూపులో అభినందనలు వెల్లువెత్తుతాయి. తప్పిన పిల్ల కూడా ఆ గ్రూపులోనే ఉంటుంది. అందరి ఎదుట ఓదార్చినా ఆ పిల్లకు పరాభవమే. విడిగా ఒక పలకరింపు చాలు.

గీత 17వ అధ్యాయంలో భగవానుడు వాక్కు తపస్సును చెప్పి, వెంటనే మనస్సు తపస్సును చెప్పాడు. మొదటిదానిలో ఇతరులకు ఉద్వేగం కలిగించకపోవడం, రెండవదానిలో మనఃప్రసన్నత ముందు నిలిచాయి. మౌనాన్ని మనస్సు పక్షాన లెక్కించడం గమనించండి. నోరు మూసి వేళ్లతో నిందలు వ్రాసేవాడు మౌని కాడు. అర్ధరాత్రి ఒకరిని దూషించి పడుకున్నవానికి నిద్ర రాదు. ఏమని బదులు వచ్చిందోనని మాటిమాటికీ ఫోను తీసి చూస్తూనే ఉంటాడు.

ఎవరైనా అసత్యసందేశం పంపితే పదిమందిలో చిన్నబుచ్చకండి. ఫోను చేసి, "అన్నా, ఇది నిజం కాదట, తీసెయ్యి" అనండి.