ఏడీహెచ్‌డీ ఒక్కటేనా? మరొకటి కూడా ఉందా?

(తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ని కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ముప్పై మూడేళ్లు దస్త్రాలు చూసినవాణ్ని. ఒక్క కాగితం తక్కువైతే హక్కు ఎలా ఆగిపోతుందో ఎరిగినవాణ్ని. ఆ అనుభవంతోనే ఈ విషయం మాట్లాడే సాహసం చేస్తున్నాను.

నిరుడు మా బస్తీలోని ఒక నానీ తన మనవణ్ని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చారు. ఆ బాలుడు ఏడో తరగతి. ఏకాగ్రత నిలవదు, కుదురు ఉండదు. అది ఏడీహెచ్‌డీ అని మూడేళ్ల క్రితమే నిర్ధారించారు. మందు వాడుతున్నాడు, కుదురుగా కూర్చుంటున్నాడు. కాని ఒక్క పంక్తి తప్పు లేకుండా చదవలేడు. "దవా తింటున్నాడు కదా భాయిసాబ్, చదువెందుకు రావడం లేదు?" అని ఆమె అడిగారు. బడిలో సోమరితనమన్నారు. ఇరుగుపొరుగు సాయా సోకిందన్నారు. మరొక సమస్య ఉందేమోనని మాత్రం ఎవరూ చూడలేదు. మళ్లీ పరీక్ష చేయించగా అభ్యసన వైకల్యం బయటపడింది.

ఇది అరుదైన సంగతి కాదు. అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ వెల్లడించిన 2022 సర్వే ప్రకారం అక్కడ ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో దాదాపు 78 శాతం మందికి మరొక సమస్య కూడా ఉంది. ఆందోళన, కుంగుబాటు, ఎదిరించే ప్రవర్తన, ఆటిజం, చదవడం రాయడంలో ఇబ్బంది అటువంటివే. వీటి కోసం కూడా పరిశీలించాలని ఆ దేశపు బాలవైద్యుల అకాడమీ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. గురక, నిద్రలేమి గురించి కూడా వైద్యునికి చెప్పండి. అల్లరి చేయని ఆడపిల్లలను మరువకండి. వారి దిగులు ఎవరి కంటా పడదు.

ఇక మన దేశపు చట్టం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలు పేర్కొన్నారు. వాటిలో ఏడీహెచ్‌డీ పేరు లేదు! ఇది నాకు సబబుగా తోచదు. అయితే నిర్దిష్ట అభ్యసన వైకల్యం, ఆటిజం, మానసిక అనారోగ్యం ఉన్నాయి. చీటీలో ఏడీహెచ్‌డీ అని మాత్రమే రాసి పంపితే ధ్రువపత్రం రావడం కష్టం. అది లేనిదే పరీక్షలో అదనపు సమయమూ, లేఖకుడూ దొరకరు. కనుక రెండో సమస్యను గుర్తించకపోతే వైద్యంతోపాటు హక్కు కూడా చేజారుతుంది.

మన పిల్లల విషయంలో మరొక చిక్కు ఉంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. భాష అర్థంకాక దిక్కులు చూసే బిడ్డ, ఏకాగ్రత లేని బిడ్డ పైకి ఒకేలా కనబడతారు. బిడ్డకు బాగా వచ్చిన భాష ఏదో పరీక్షించేవారికి ముందే చెప్పండి. ఏ భాషలో పరీక్షించారో అడగండి. అడగడం అమర్యాద కాదు.

జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ కేంద్రం ఉన్నచోట అక్కడికి వెళ్లండి. బిడ్డ దిగులుగా ఉంటే, చనిపోతానని అంటే ఆలస్యం చేయకండి. టెలీ మానస్ నంబరు 14416 రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది. వైద్యుని వద్దకు పాత చీటీలతోపాటు బిడ్డ రాత పుస్తకాలు కూడా తీసుకువెళ్లండి. దరఖాస్తులు నింపడానికి అస్ర్ నమాజు తరువాత నేను మసీదు పక్క గదిలోనే ఉంటాను.